చెట్టు మీద కాయ, చెట్టులో కాకి

కూకట్‌పల్లి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం మొన్న అందింది. ఈ రోజుల్లో కూడా కాగితం మీద రాసేవాడివి నువ్వొక్కడివే. ఫోన్లో జవాబు చెప్పేస్తే నెల రోజులు మూతి ముడుచుకుంటావని భోజనం కాగానే కూర్చుని రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు కాస్త తగ్గాయన్నావు, సంతోషం.

ఇక మీ పాప అడిగిన ప్రశ్న. బస్సుకి "ఆన్" ఎందుకు, కారుకి "ఇన్" ఎందుకు అంటే "అదంతేనమ్మా" అని తప్పించుకున్నావా! మన మాస్టారూ మనకి అదే చెప్పారు కదరా. ఒక తరం గడిచింది, జవాబు మాత్రం మారలేదు.

పాపకి ఇలా చెప్పు. లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగిన బండైతే ఆన్. ఒంగి దూరి కూర్చోవలసిందైతే ఇన్. అందుకే బస్సు, రైలు, విమానం, ఓడ అన్నిటికీ ఆన్, కారుకీ ఆటోకీ ఇన్. సైకిలు, మోటారుసైకిలు ఎక్కి కూర్చునేవి కాబట్టి వాటికి మళ్ళీ ఆన్. మన ఊరి షేర్ ఆటో వెనక కడ్డీ పట్టుకుని వేలాడేవాడికి ఏది వాడాలో మాత్రం ఏ గ్రామర్ పుస్తకమూ చెప్పదు. అలాగని "ఇన్ ద బస్" అన్న పిల్లకి మార్కులు కోసేయకు. బస్సు లోపల అని నొక్కి చెప్పాలంటే అదీ నడుస్తుంది.

నేనేమీ పండితుణ్ణి కాదులే. నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్తే నవ్వుతావు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. మేనేజర్ ఎక్కడున్నావని అడిగితే, "దారిలో ఉన్నాను" అనుకుంటూ "ఐ యామ్ ఇన్ ద వే" అని మెసేజ్ కొట్టాను. "అయితే కాస్త పక్కకి జరగండి" అని జవాబొచ్చింది. నాకేమీ అర్థం కాలేదు. పక్క సీటు అమ్మాయిని అడిగితే, పాపం నవ్వాపుకుంటూ చెప్పింది: "ఆన్ ద వే" అంటేనే దారిలో ఉన్నానని, "ఇన్ ద వే" అంటే దారికి అడ్డంగా ఉన్నానని. ఒక్క చిన్న ముక్కతో ఆలస్యంగా వచ్చేవాణ్ణి కాస్తా అడ్డంగా నిలబడ్డవాణ్ణి అయ్యాను. అప్పట్నుంచి ఎవరు ఏ మాట ముందు ఏది పెడుతున్నారా అని చెవులు రిక్కించి వినడం అలవాటైంది.

మన బాధకి మూలం ఎక్కడుందో కూడా తెలిసింది. మాస్టారు "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" అని వల్లె వేయించేవారు, గుర్తుందా? నువ్వు "నిన్, నున్, లన్, కూర్చి, గురించి" దగ్గర ప్రతిసారీ ఆగిపోయేవాడివి. ఆ విభక్తులు మనకి మాట వెనక అతుక్కుంటాయి. అతుక్కుని ఊరుకోవు, మాట ఆకారాన్నే మార్చేస్తాయి. ఇల్లు ఇంట్లో అవుతుంది, చెయ్యి చేతిలో అవుతుంది, నుయ్యి నూతిలో అవుతుంది. తెలుగు పిల్లలెవరూ "ఇల్లు" వేరు, "లో" వేరు నేర్చుకుని రెండూ కలుపుకోరు, "ఇంట్లో" అనే మాట ముద్దలా నోటికి వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ఆ ముక్క ముందు నిలబడుతుంది, దాని పేరే ప్రిపొజిషన్, అంటే ముందు పెట్టేది అని. వెనకున్న మాట కదలదు, మెదలదు. దాంతో అవి రెండూ విడివిడి సరుకులని మనం అనుకుంటాం. తెలుగు ముక్క పీకి ఇంగ్లీషు ముక్క పెడితే సరిపోతుందనుకుని బోల్తా పడతాం.

కావాలంటే చూడు. "దాని గురించి చర్చించాం" కాబట్టి "డిస్కస్డ్ అబౌట్ ఇట్". నువ్వు తడబడిన ఆ ద్వితీయా విభక్తేరా అది! ఇంగ్లీషులో "డిస్కస్" పక్కన ఏదీ అక్కర్లేదు. "నా మీద కోపం" కాబట్టి "యాంగ్రీ ఆన్ మీ", ఉండాల్సింది విత్. "ఇంటికి వెళ్తున్నా" కాబట్టి "గోయింగ్ టు హోమ్". బడికైతే "టు" కావాలి, ఇంటికైతే వద్దు. "రెండేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాను" కాబట్టి "ఫ్రమ్ టూ ఇయర్స్". ఇది నేను రోజూ వింటాను. మన "నుంచి" ఒక్కటే మూడు పనులు చేస్తుంది. ఎంతకాలమో చెప్తే ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్, ఎక్కడినుంచి వచ్చావో చెప్తే ఫ్రమ్. "ఫర్ టూ ఇయర్స్", "సిన్స్ 2019", "ఫ్రమ్ తెనాలి".

ఇక నాకు భలే నచ్చినది "ఆన్". మనం దాన్ని "మీద" అని నేర్చుకున్నాం. మనకి మీద అంటే పైన. ఇంగ్లీషు వాళ్ళకి ఆన్ అంటే అంటిపెట్టుకుని ఉండటం. పైనా కిందా అన్న పట్టింపు లేదు. సీలింగ్‌కి వేలాడే ఫ్యాను వాళ్ళకి ఆన్ ద సీలింగే. వేలికి ఉంగరం, కాళ్ళకి చెప్పులు, గోడకి క్యాలెండరు అన్నీ ఆన్. మనం ఇక్కడ "మీద" అననే అనం, "కి" అంటాం. మీ దొడ్లో మామిడిచెట్టు కింద నిలబడి ఒకసారి పైకి చూడు. చెట్టుకి కాయలు కాశాయి, చెట్టు మీద కాకి వాలింది అంటాం మనం. ఇంగ్లీషులో కాయలు "ఆన్ ద ట్రీ", కాకి "ఇన్ ద ట్రీ". కాయ కొమ్మకి అంటుకుని ఉంది, చెట్టు సొంతం. కాకి ఆకుల్లోకి దూరి కూర్చున్న చుట్టం. మనకీ ఆ తేడా ఉంది చూశావా! "చెట్టు మీద కాయలు" అన్నా చెల్లుతుంది కానీ, "చెట్టుకి కాకి" అని పసిపిల్లలు కూడా అనరు. రెండు భాషలూ ఒకే తేడాని చూశాయి, గీత మాత్రం వేరేచోట గీశాయి. ఇది తట్టిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్ము. మా ఆవిడ మాత్రం కాకి గోలేంటని దుప్పటి ముసుగేసుకుంది.

అన్నిచోట్లా మనకే నష్టం అనుకోకు. "బై ఫ్రైడే", "టిల్ ఫ్రైడే" దగ్గర మా ఆఫీసులో హిందీవాళ్ళు తికమక పడతారు, వాళ్ళకి రెండింటికీ "తక్" ఒక్కటే. మనకి శుక్రవారానికి వేరు, శుక్రవారం దాకా వేరు. శుక్రవారానికి ఇస్తానంటే బై, శుక్రవారం దాకా ఉంటానంటే టిల్. తెలుగులో అనుకుని రాస్తే ఇక్కడ తప్పు రాదు. ఎండలో, వానలో, చెట్టు కింద కూడా అచ్చంగా మనలాగే ఉంటాయి.

తెల్లవాళ్ళలోనూ వాళ్ళలో వాళ్ళకి పేచీలున్నాయి. శని, ఆదివారాల్లో అనడానికి లండన్‌లో "ఎట్ ద వీకెండ్" అంటే అమెరికాలో "ఆన్ ద వీకెండ్" అంటారు. వాక్యం చివర ప్రిపొజిషన్ వదిలేయకూడదని మాస్టారు నీకు మొట్టికాయ వేశారే, ఆ గొడవా పాతదే. 1672లో జాన్ డ్రైడెన్ అనే కవి తనకంటే ముందున్న బెన్ జాన్సన్ రాతల్లో అది దోషమని ఎత్తిచూపాడు. "వేర్ ఆర్ యూ ఫ్రమ్" అని జనం ఈనాటికీ అడుగుతూనే ఉన్నారు.

పాపకి ఎలా నేర్పాలి అన్నావు. జాబితాలు బట్టీ పట్టించకు. మన సెలవు చీటీ గుర్తు తెచ్చుకో. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". తెలుగులో జ్వరంతో బాధపడతాం కదా, లెక్కప్రకారం మనమంతా "విత్ ఫీవర్" అని రాయాలి. క్లాసులో ఒక్కడు కూడా రాయలేదు, చివరికి నువ్వు కూడా! ఎందుకంటే ఆ చీటీ మనకి ముక్కలుగా రాలేదు, మొత్తం ఒకే ముద్దగా వచ్చింది. "గుడ్ ఎట్ మ్యాథ్స్", "ఎట్ నైట్", "ఇన్ ద మార్నింగ్" కూడా అలాగే నోటికి రానీ. రాత్రికి ఎట్ ఎందుకు, పొద్దున్నకి ఇన్ ఎందుకు అని తవ్వుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. బస్సు లాంటి వాటికి కారణం దొరికితే చెప్పు, లేకపోతే లేదు.

అన్నట్టు, ఊళ్ళో లేనప్పుడు "అవుట్ ఆఫ్ స్టేషన్" అంటావు కదా, బయటి దేశాల వాళ్ళకి ఆ మాట రాయకు, రైల్వే స్టేషన్ బయట నిలబడ్డావనుకుంటారు. మన దేశంలో హాయిగా వాడుకో.

వచ్చే శనివారం పొద్దున బండికి వస్తున్నాను. రైలు ఆన్ టైమ్ వస్తుందో లేదో, నేను మాత్రం ఇన్ టైమ్ స్టేషన్‌కి చేరతాను. దొడ్లో నాలుగు పచ్చి మామిడికాయలు కోయించి ఉంచు, ఇక్కడ దొరికేవి పప్పులోకి పనికిరావు. పాపని ఆ చెట్టు కింద నిలబడి ఏది ఆన్, ఏది ఇన్ అని కనిపించినవన్నీ రాసి పెట్టమను. కాకులు, కాయలు, ఉడతలు, కిందటేడు మనం కట్టిన ఉయ్యాల తాడు, అన్నీ. వచ్చాక దిద్దుతాను.

నీ
రాజు