ఎడమ మూలలోని దొంగ దొరికాడు, కృతజ్ఞతలు

నా విమానంలో రేడియో దానంతట అదే ప్రసారం మొదలుపెడుతోందని నేను వాపోయినప్పుడు నలుగురు తలో చేయి వేశారు. వారిలో ఇద్దరు పేర్లు రాయవద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఏ మాట ఎవరికి చెందుతుందో వారికే తెలుస్తుంది.

జబ్బు ఇది. నేను సొంతంగా కట్టుకుంటున్నది పక్కపక్కన రెండు సీట్లున్న చిన్న విమానం. వైరింగ్ ముగించి బ్యాటరీ కలిపిన రోజు ఒక వింత కనిపించింది. విమానాన్ని నడిపే కర్రను, అంటే కంట్రోల్ స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగి, ఎడమవైపు చివరిదాకా వంచితే రేడియో మీద ప్రసార గుర్తు వెలుగుతోంది. కాస్త ముందుకు తోస్తే ఆరిపోతోంది. మాట్లాడే బటన్ మీద నా వేలైనా లేదు. మొదట స్టిక్ పైన బటన్లుండే పిడిని, అంటే గ్రిప్‌ను తిట్టాను, తరువాత రేడియోను తిట్టాను. గ్రిప్ విప్పి స్విచ్ మార్చేద్దామని స్క్రూడ్రైవర్ కూడా చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు అడ్డుపడ్డది మా పెద్దాయన. ఇప్పటికే రెండు విమానాలు కట్టి ఎగరేసిన మనిషి. "స్విచ్ చెడితే స్టిక్ ఎక్కడున్నా చెడినట్టే కనిపించాలి. మూలకు వెళ్లినప్పుడే వస్తోందంటే తప్పు కదిలే చోట ఉంది. గ్రిప్ జోలికి పోకు, కింద చూడు" అన్నారు. ఆ ఒక్క మాట నా గ్రిప్‌ను కాపాడింది. వారికి మొదటి నమస్కారం.

రెండో నమస్కారం విమానాల విద్యుత్ పరికరాలు బాగుచేసే సోదరికి. ఫ్యూజు ఎందుకు కాలిపోలేదని అడిగితే ఓపికగా విడమరిచి చెప్పారు. నా గ్రిప్‌లోని బటన్లన్నీ చేసేది ఒకటే పని: ఒక తీగను గ్రౌండ్‌కు, అంటే బ్యాటరీ మైనస్ కొస కలిసి ఉన్న విమానం ఒంటికి కలపడం. రేడియో బటన్ అంతే, ట్రిమ్ (విమానం ఒకవైపు ఒరగకుండా సర్దే ఏర్పాటు) రిలేలను, అంటే కరెంటుతో నడిచే స్విచ్‌లను పని చేయించే బటన్లూ అంతే. స్టిక్ గొట్టం లోహం, అది విమానం ఒంటికి తగిలి ఉంటుంది. అంటే ఇన్సులేషన్ ఒరిసిపోయిన తీగ ఆ గొట్టానికి తగిలితే బటన్ నొక్కినట్టే లెక్క. అదనపు కరెంటు ఏదీ పారదు కాబట్టి ఫ్యూజుకు అందులో తప్పేమీ కనబడదు. ఒరిసింది రేడియో తీగ కనుక నేను బతికిపోయాను. అదే ట్రిమ్ తీగ అయి ఉంటే, గాలిలో ముక్కు తనంతట తాను పైకో కిందికో పోతుంటే నేను స్టిక్‌తో కుస్తీ పట్టాల్సి వచ్చేది. ఆమె ఇది మామూలు గొంతుతోనే చెప్పారు గానీ ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

వెతకడం మాత్రం పది నిమిషాల పని. రేడియో వైపు కనెక్టర్ ఊడదీసి, మల్టీమీటర్ ఒక కొసను ఆ తీగకు, రెండో కొసను స్టిక్ లోహానికి పెట్టి రెండు కొసలూ కలిస్తే శబ్దం వచ్చే స్థానంలో ఉంచాం. మా బావమరిది సీట్లో కూర్చుని స్టిక్‌ను నాలుగు మూలలకూ మెల్లగా తిప్పాడు. వెనక ఎడమ మూలలో మీటర్ కుయ్యిమంది. చిన్న అద్దం, టార్చి పెట్టి చూస్తే స్టిక్ అడుగున తీగలు బయటికి రావడానికి నేను వేసిన రంధ్రం దగ్గర ఆవగింజంత రాగి మెరుస్తోంది. రంధ్రం అంచును నునుపు చేశాను, నిజమే. తీగలు అంచుకు ఒరుసుకోకుండా రంధ్రానికి తొడిగే రబ్బరు గ్రోమెట్ మాత్రం "తరువాత వేద్దాం" అనుకుని మరిచాను.

అక్కడే కాస్త టేపు చుట్టి పని కానిచ్చేద్దామన్నాను. పెద్దాయన మాట్లాడలేదు, తీగల కట్టనంతా బయటికి లాగమని చేత్తో సైగ చేశారు. లాగాక తెలిసింది, రంధ్రం కన్నా పెద్ద తప్పు ఇంకొకటి ఉందని. గ్రిప్ తీగలు పొట్టిగా ఉన్నాయని నేను సోల్డరింగ్ చేసి అతికిన చోట్లు నాలుగు సరిగ్గా వంగే చోటే ఉన్నాయి. సోల్డర్ పోగుల మధ్యకు పాకి తీగను కడ్డీలా బిగదీస్తుంది. ఆ గట్టిభాగం ముగిసే అంచు దగ్గరే తీగ మళ్లీ మళ్లీ వంగి తెగుతుంది. ఒకదాంట్లో అప్పటికే సగం పోగులు తెగి ఉన్నాయి. టేపు చుట్టి ఉంటే దీన్ని ఎప్పుడు కనుక్కునేవాణ్ణో!

తీగలకు కొత్త దారి ఆలోచించడానికే ఒక సాయంత్రం పట్టింది. తలుపు తీసి మూస్తుంటే కీలు దగ్గర కదలిక కొంచెమే, అంచు దగ్గర బోలెడు. స్టిక్ కింద అలాంటి కీళ్లు రెండు: ఒకటి ముందు వెనకలకు, ఇంకొకటి పక్కలకు. నేను తీగలను కీలుకు బెత్తెడు దూరం నుంచి తీసుకెళ్లాను, అందుకే అవి ప్రతిసారీ అంత దూరం పరుగెత్తి రంధ్రం అంచుకు రాసుకున్నాయి. ఇప్పుడు కీలును ఒరుసుకోకుండా, దాని ఇరుసుకు వీలైనంత దగ్గరగా, కొంత దూరం ఇరుసు వెంబడే నడిపించాం. దానితో తీగలు ఒక్కచోట మడత పడకుండా, తమ పొడవంతా కొద్దికొద్దిగా మెలిపడతాయి. ఎనిమిది తీగలు: రేడియోకు ఒకటి, ట్రిమ్‌కు నాలుగు, ఆటోపైలట్ ఆపడానికి ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి, ముందుజాగ్రత్తకు అదనంగా ఒకటి. గ్రౌండ్‌కు గొట్టం లోహమే చాలదా అని అడిగి మళ్లీ చీవాట్లు తిన్నాను. గ్రీజు పూసిన కీళ్ల గుండా కరెంటు ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు.

ఎనిమిదింటినీ తాడులా వదులుగా పేని, మెత్తని అల్లిక తొడుగులో పెట్టి, రెండు కొసలా మైనపు దారంతో కట్టాం. తీగలన్నీ తెల్లవే, సన్నని 24 గేజి, చాలా పోగులున్న టెఫ్‌జెల్ (ఒక రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్) రకం. కాబట్టి ప్రతిదానికీ రెండు కొసల్లోనూ అంకెల తొడుగు వేశాం. అతుకు ఇప్పుడు వంగే చోట లేదు. సీటు కింద, కదలని చట్రానికి బిగించిన తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో ఉంది, అదీ సోల్డర్ లేకుండా నొక్కి బిగించిన పిన్నులతో. ఆ పిన్నులు బిగించే పనిముట్టు అరువిచ్చిన మిత్రుడికి మూడో నమస్కారం.

వదులు ఎంత ఉంచాలన్న దగ్గర పెద్ద వాదం నడిచింది. తెగకూడదని నేను జానెడు వదులు ఉంచాను. ఆ ఉచ్చు వెళ్లి స్టిక్ కదలికను రెక్కలకూ తోకకూ చేర్చే కడ్డీకి, అంటే పుష్‌రాడ్‌కు చిక్కుకుంటే రేడియో సంగతి అటుంచి స్టిక్కే కదలదు కదా అన్నారు సోదరి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ విమానాల మరమ్మతుల మీద ఇచ్చిన ఏసీ 43.13-1బి పత్రంలో 11వ అధ్యాయం తెరిచి చూపించారు. తీగల కట్టను కదిలే కంట్రోళ్ల వైపు చేత్తో తేలిగ్గా నొక్కినా మధ్య కనీసం అర అంగుళం ఎడం మిగలాలి. కట్టను పట్టి ఉంచే దగ్గర్లోని క్లాంపుల్లో ఏ ఒక్కటి ఊడినా కట్ట కంట్రోళ్లకు అడ్డం పడకూడదు. ఈ రెండోది నా బుర్రకు ఎన్నడూ తట్టలేదు. కావాలనే ఒక క్లాంపు విప్పి చూశాం. కట్ట నేరుగా పుష్‌రాడ్ మీదికి జారింది. దాంతో ఇంకో క్లాంపు చేరింది, వదులు బెత్తెడు తగ్గింది.

నిన్న బావమరిది మళ్లీ సీట్లో కూర్చుని స్టిక్‌ను యాభైసార్లు అన్ని మూలలకూ తిప్పాడు. మీటర్ ఒక్కసారీ నోరు మెదపలేదు. రేడియో కలిపి ఇంకో యాభై. గుర్తు వెలగలేదు. విసుక్కోకుండా నూరుసార్లు లెక్కపెట్టిన అతనికి నాలుగో నమస్కారం. లెక్క మధ్యలో తప్పి మళ్లీ మొదలుపెట్టించింది నేనే.

కుడి స్టిక్‌లో కూడా నేను వేసింది ఆ రంధ్రమే, ఆ అతుకులే. వచ్చే వారం దాన్ని విప్పుతాను. పిన్నుల పనిముట్టు అంతవరకు నా దగ్గరే ఉంచుకోవచ్చా?