రాయి లేదు, గడ్డ లేదు, దురద మాత్రం పోలేదు: తోడు నిలిచినవాళ్లకు మా కృతజ్ఞతలు

మా వదినకు పీబీసీ (ప్రైమరీ బిలియరీ కొలాంజైటిస్ అనే లివర్ జబ్బు) అని తేల్చి, మందు సరిగ్గా మొదలయ్యేలా చూసినవాళ్లందరికీ ఇంటిల్లిపాది తరఫున దండాలు. పేర్లు వద్దన్నారు, రాయట్లేదు.

ముందు నల్గొండ ల్యాబ్ అన్నకు. కామెర్లు చూపే బిలిరుబిన్ నార్మలే, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ మాత్రం హద్దుకు మూడింతలు. అది ఎముకల నుంచి కూడా పెరుగుతుంది, జీజీటీ అనే ఇంకో ఎంజైమ్ కూడా ఎక్కువుంటే లివర్‌దేనని చెప్పి ఆ పరీక్ష చేయించుకోమన్నడు. రాత్రయితే వదిన అరికాళ్లు దువ్వెనతో గోక్కునేది. చర్మం డాక్టర్ల చుట్టూ తిరగడం అక్కడితో ఆగింది.

లివర్ డాక్టరమ్మ ఓపికకు పెద్ద దండం. ఈ జబ్బులో ఒంటి రక్షణ కణాలే లివర్ లోపలి సన్నటి పైత్యరస నాళాల గోడలను పగబట్టి చెరుపుతాయట. పొలంలో మురుగు కాలువలు పూడితే హాలియా వాగు ఎంత బాగున్నా మడిలో నీళ్లు నిలుస్తాయి కదా, ఇదీ అంతే. పెద్ద నాళం బాగుంటుంది కాబట్టి అల్ట్రాసౌండ్‌లో ఏమీ దొరకదు. నిలిచిన పైత్యరసం లివర్ కణాలను దెబ్బతీస్తుంది, ఏళ్లు గడిస్తే మచ్చకట్టి సిరోసిస్. ఏఎంఏ అనే రక్తపరీక్ష ఈ జబ్బున్నవాళ్లలో నూటికి 95 మందికి పాజిటివ్ వస్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఆరు నెలలుగా ఎక్కువుండి ఇదీ పాజిటివ్ అయితే చాలావరకు బయాప్సీ (లివర్ ముక్క తీసి చూడడం) అక్కర్లేదు.

మందు ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్. కిలో బరువుకు రోజుకు 13 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాముల బిళ్లలు మూడు. ఒక్కటే వేసుకుంటే చాలదు. ఏడాదికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తగినంత దిగకపోతే రెండో మందు కలపాలంటారు.

మెడికల్ షాపు తమ్ముడి మేలు వేరే చెప్పాలి. దురదకు ఇచ్చే కొలెస్టిరమిన్ పొడి పేగులో మిగతా మందులను పట్టేసుకుంటుంది. పొడి టిఫిన్ వేళ, ఉర్సో దానికి నాలుగు గంటలు ఎడంగా అని కవరు మీద రాసిచ్చిండు. థైరాయిడ్ బిళ్లకూ అదే ఎడం. కలిపి మింగితే రెండూ దండగే.

పసిరికల పసరుకు తీసుకుపోదామన్న చుట్టాలను ఆపిన ఆశ అక్కకు కూడా. పసరు ఈ దాడిని ఆపదు, కొన్ని మూలికలు లివర్‌నే చెడగొడతాయి. పథ్యమని పెరుగు, పప్పు మానిపించొద్దని కూడా ఆమే గట్టిగా చెప్పింది. ఈ జబ్బులో ఎముకలు గుల్లబారతాయి, విటమిన్ డి ఒంటబట్టడం తగ్గుతుంది.

దేవరకొండ, కల్వకుర్తి దిక్కు ఇట్లాంటి దురద ఎవరికన్నా ఉంటే, ఏఎంఏకు పరగడుపు అక్కర్లేదు. రోగి అక్కచెల్లెళ్లు, బిడ్డలు కూడా ఒకసారి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూపించుకోవాలి.