ఆయిల్ కారగానే గేర్‌బాక్స్ దించమంటే ఎలా అండీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్ అనుబంధంలో పాత స్పోర్ట్స్ కార్ల మీద ఒక పేజీ వేశారు, అమెరికాలో మన పిల్లలు సెకండ్‌హ్యాండ్‌లో రెండు సీట్ల కార్లు కొంటున్నారని, ఫొటోలు బావున్నాయి, ఇంట్లో అందరికీ చూపించాను కూడా. కానీ అందులో మజ్దా మియాటా గురించి రాసిన దగ్గర ఒక్క లైను చదివాక చేతిలో టీ చల్లారిపోయింది. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య నుంచి ఆయిల్ కారుతుంటే వెనక క్రాంక్ సీలు, అంటే క్రాంక్ షాఫ్ట్ అనే ఇంజను ఇరుసు వెనక కొసన ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు పట్టీ, పోయినట్టే, గేర్‌బాక్స్ దించాల్సిందే, అంత పెట్టే కంటే అమ్మేసుకోవడం మేలు అని రాశారు. పోయినట్టే అని ఎలా రాస్తారండీ, పోయి ఉండొచ్చు అనాలి. ఆ రెండు మాటలకీ మధ్య తేడా మా అబ్బాయి విషయంలో 1,400 డాలర్లు.

నేను ఆర్టీసీలో శ్రామిక్‌గా చేరి మెకానిక్‌గా రిటైరైనవాణ్ణి, 31 ఏళ్ళు డిపోలో లేలాండ్ బస్సుల కింద పడుకున్నాను తప్ప స్పోర్ట్స్ కారు ముట్టుకున్నది లేదు. పోయినేడు నేనూ మా ఆవిడా షికాగో పక్కన మా అబ్బాయి ఇంట్లో ఆర్నెల్లు ఉన్నాం. వాడి గ్యారేజీలో ఓ మూల గుడ్డ కప్పి 1991 మోడల్ ఎర్ర మియాటా ఉంది, తలకాయ దీపాలు ఆన్ చేస్తే కప్పకళ్ళలాగా పైకి లేస్తాయే, అది. 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, చూడ్డానికి చిన్న పిట్ట. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలోనే దీన్ని మొదటిసారి జనానికి చూపించారంట, ఆ ఊళ్ళోనే నా దగ్గర ఒకటుంది అని వాడికి గొప్ప. గొప్ప సరే గానీ బండి గ్యారేజీ దాటదు. కోడలైతే అమ్మేయమని ఏడాది నుంచి పోరు, రెండే సీట్లు కదా, అరోరాలో బాలాజీ గుడికి వెళ్దామన్నా ముగ్గురికి చోటు లేదు, ఆ పిల్ల మాటలోనూ న్యాయం ఉంది.

రిపేరు షాపువాళ్ళు ఆ 1,400 డాలర్లకి రాసిచ్చిన కాగితంలో రెండు ఐటమ్‌లు. వెనక క్రాంక్ సీలు, క్లచ్ సెట్టు. ఎలాగూ గేర్‌బాక్స్ దించుతున్నాం కదా రెండూ చేసేద్దాం అన్నారంట. అదే మీ పేపర్లో రాసిన మాట. నేను అడిగింది ఒకటే, ఆయిల్ ఎక్కణ్ణుంచి మొదలైందో ఎవరన్నా చూశారా అని. వాడు బిక్కమొహం వేశాడు, కింద కారుతోంది నాన్నా, ఫొటో తీసి పంపారు అన్నాడు. కింద కారేది కింద నుంచే వస్తదని ఎవరు చెప్పార్రా, మేడ మీద ట్యాంకు పగిలినా నీళ్ళు మెట్ల దగ్గరే కదా కనపడేది అన్నాను.

ముందు ఇంజను వెనకభాగం అంతా క్లీనర్ కొట్టి, బ్రష్షుతో రుద్ది, కడిగి, పొడి గుడ్డతో తుడిచాం. తర్వాత మా ఆవిడ టాల్కం పౌడర్ డబ్బా తెచ్చి ఇంజను పైభాగం, అదే హెడ్డు, దాని వెనకాల, దాని కింద ఉండే బ్లాకు మీద, గేర్‌బాక్స్‌ని ఇంజనుకి కలిపే గంట ఆకారపు డొప్ప మీద పలచగా చల్లాను. డిపోలో సీలు అనుమానం వస్తే మేం చేసేది ఇదే, అక్కడైతే సుద్దపొడి. ఇరవై నిమిషాలు ఇంజను నడిపి ఆపి, చేతి అద్దం ఒకటి లోపలికి పెట్టి టార్చి వేసి చూస్తే ఇంకేముంది, తెల్లటి పౌడర్ మీద కాటుక గీసినట్టు ఒక్కటే గీత, హెడ్డు వెనక పైనుంచి మొదలై బ్లాకు మీదుగా కిందకి జారి గేర్‌బాక్స్ గంట సందులోకి పోతోంది. క్రాంక్ సీలుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. అక్కడ హెడ్డు వెనక, ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉండే రేకు గోడకి ఆనుకుని, క్యామ్ యాంగిల్ సెన్సర్ అని అరచేతిలో పట్టే పీసు ఒకటుంది, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ చివర దూరి ఇంజను ఎక్కడ తిరుగుతోందో కంప్యూటర్‌కి చెప్పేది అదే. దాని మెడకి ఒక రబ్బరు రింగు ఉంటుంది, ఓ-రింగు. ముప్పై ఏళ్ళ వేడికి అది రబ్బరు లక్షణం పోయి గట్టిపడుద్ది, ఆయిల్ దాని పక్కనుంచి జారుద్ది. ఈ కారున్న ఎవర్నడిగినా ముందు అదే చూడమంటారు, అంత మామూలు జబ్బు.

దాన్ని పట్టేది 12 నంబర్ బోల్టు ఒక్కటే, కానీ చెయ్యి పట్టే చోటు కాదది, మా అబ్బాయి చెయ్యి సన్నం కాబట్టి సరిపోయింది, నా చెయ్యి అయితే మణికట్టు దగ్గరే ఆగిపోయింది. విప్పే ముందు సెన్సర్‌కీ హెడ్డుకీ కలిపి సూదితో ఒక గీత గీయాలి, ఇది మర్చిపోతే ఏడుపే, ఎందుకంటే ఆ సెన్సర్‌ని కాస్త అటూ ఇటూ తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, మారిపోద్ది. నేను డీజిల్ వాణ్ణి, స్పార్క్ టైమింగ్ గురించి నాకు తెలిసిందంతా నా పాత స్కూటర్ దగ్గర నేర్చుకున్నదే, అందుకని ఇక్కడ అబ్బాయి మాన్యువల్ చదువుతుంటే నేను వింటూ చేశాను. పాత రింగుని గోటితో లాగితే సాగలేదు, పుటుక్కుమని రెండు ముక్కలైంది, ఎండిన చింతబద్దలాగా. కొత్త రింగుకి ఆయిల్ పూసి ఎక్కించి, గీతకి గీత కలిపి బిగించి, టైమింగ్ లైటు పెట్టి స్పార్క్ 10 డిగ్రీలు ముందుందా లేదా చూసుకున్నాం. రింగు ఖరీదు మూడు నాలుగు డాలర్లు. నెల రోజులు కింద అట్టముక్క పరిచి చూశాం, చుక్క పడలేదు.

క్రాంక్ సీలు అసలు పోదు అని నేను అనను, పోద్ది. పైన ఓ-రింగు దగ్గరా వాల్వ్ కవర్ ప్యాకింగ్ దగ్గరా పొడిగా ఉండి కింద మాత్రం తడుస్తుంటే అప్పుడు అది సీలే, అప్పుడు దించండి, దించినప్పుడు క్లచ్ కూడా చూసుకోండి, తప్పులేదు. చూడకుండా దించడం మాత్రం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు.

ఇంక క్లచ్చు సంగతి. గేరు పడట్లేదు కాబట్టి ప్లేట్లు పోయాయని షాపువాళ్ళు. ఇది వింటే మా డిపోలో కుర్ర శ్రామిక్ కూడా నవ్వుతాడు. ప్లేట్లు అరిగితే గేరు పడుద్ది, బండి లాగదు, యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను రయ్యిమంటుంది గానీ స్పీడు పెరగదు. ఇక్కడ అది తిరగబడింది, బండి లాగుద్ది, గేరే పడట్లేదు, రివర్స్ వేస్తే కరకరమంటోంది, పెడల్ మెత్తగా నేల దాకా పోతోంది, రెండు మూడుసార్లు గబగబా కొడితే కాస్త పడుతోంది. అంటే క్లచ్ పూర్తిగా విడట్లేదు, అంటే హైడ్రాలిక్‌లో తేడా. కింద పడుకుని గేర్‌బాక్స్ పక్కన ఉన్న స్లేవ్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే ఫ్లూయిడ్ ప్రెషర్‌తో క్లచ్‌ని విడదీసేది, దాని రబ్బరు టోపీని వేలితో కొంచెం వెనక్కి లాగితే అందులోంచి నల్లటి ఫ్లూయిడ్ నా మొహం మీదే పడింది. అంతే, డయాగ్నసిస్ అయిపోయింది. సిలిండర్ మార్చి, కోడల్ని సీట్లో కూర్చోబెట్టి తొక్కమ్మా, వదులమ్మా అంటూ ఫ్లూయిడ్ పైపులోంచి గాలి తీశాం. పెడల్ గట్టిపడింది. ఆ పిల్ల కారు మీద కోపం కూడా అప్పుడే కొంచెం తగ్గింది, రివర్స్ నేనే వేస్తానని వేసి చూసింది. పైన పెడల్ దగ్గర ప్రెషర్ పుట్టించే మాస్టర్ సిలిండర్ కూడా అదే వయసుది, కొత్త స్లేవ్ వేశాక అదీ పోవడం మామూలే, అందుకని రెండూ ఒకేసారి మార్చడం మంచిది, మేం మార్చాం.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే మా అబ్బాయి ఈ ఉత్తరం చదివి నవ్వుతాడు. పొద్దున స్టార్ట్ చేయగానే టకటకటక అని ట్యాపెట్ సౌండు, అంటే వాల్వుల దగ్గర కొట్టుకునే చప్పుడు. నేను వెంటనే సందు కొలిచే ఫీలర్ గేజ్ తే, క్లియరెన్స్ పెడదాం అన్నాను. వాడు నాన్నా ఇందులో పెట్టడానికేం లేదు, ఆయిల్ ప్రెషర్‌తో అదే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లు అన్నాడు. ఆయిల్ పాతదైతే, లోపల మడ్డి పేరుకుంటే అవి నిండడం ఆలస్యమై కొట్టుకుంటాయి, ఆయిల్ రెండుసార్లు దగ్గర దగ్గరలో మార్చాక చాలావరకు తగ్గింది. ఇంకోటి, బోనెట్ మీద నా అయస్కాంతం ట్రే పెట్టి నట్లు అందులో వేద్దామనుకుంటే ట్రే జర్రున జారి కింద పడింది, బోనెట్ అల్యూమినియం అంట. నట్లు వెతకడానికి అరగంట.

చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందని కంప్యూటర్ పెట్టాలన్నారు, దానికి వేరే ఛార్జీ. ఈ పాత బండికి లాప్‌టాప్ అక్కర్లేదండీ. బోనెట్ కింద మూత ఉన్న నల్ల డబ్బా ఒకటి ఉంటుంది, దానిలో టీఈఎన్ అని ఒక కన్నం, జీఎన్‌డీ అని ఒక కన్నం, ఆ రెండిటినీ చిన్న వైరు ముక్కతో కలిపి తాళం ఆన్ చేస్తే డాష్‌బోర్డు మీద లైటే కొట్టుకుంటూ నంబర్ చెప్పుద్ది, పొడుగు వెలుగు పదులు, పొట్టి వెలుగు ఒకట్లు. మాకు పొట్టివి తొమ్మిది వచ్చాయి. 9 అంటే కూలెంట్ వేడి చూసే సెన్సర్. చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్ ట్రబులు, పొగలో పెట్రోలు వాసన, రెండిటికీ కారణం అక్కడే దొరికింది. సెన్సర్ కొందామని అబ్బాయి ఫోన్ తీశాడు, ఆగరా అని వైరు ప్లగ్గు ఊడదీసి చూస్తే పిన్ను మీద పచ్చగా చిలుము పట్టి ఉంది, ఇత్తడి చెంబుని మూడు నెలలు తోమకపోతే ఎలా ఉంటదో అలా. సన్న ఎమరీ పేపర్ మడిచి గీకి, స్ప్రే కొట్టి పెట్టాం. సెన్సర్ పాతదే, ఇంకా పనిచేస్తోంది.

అసలు ఈ కారుకి శత్రువు ఇంజన్లో లేదు, నీళ్ళలో ఉంది, మీ పేజీలో దాని గురించి ఒక్క ముక్క లేదు. గుడ్డ టాపు మీద పడ్డ వాన సీట్ల వెనకాల రెండు వైపులా ఉన్న కన్నాల్లోంచి గొట్టం ద్వారా కిందకి పోవాలి. అందులో ఆకులూ దుమ్మూ చేరి మూసుకుపోతే నీళ్ళు కార్పెట్ కిందకీ, గుమ్మం కింద ఉండే బోలు రేకులోకీ పోయి లోపల్నుంచి తినేస్తాయి. షికాగోలో చలికాలం రోడ్డు మీద ఉప్పు కూడా చల్లుతారు కదా. వెనక చక్రానికి కొంచెం ముందు, తలుపు కింద రేకుని స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి, టంగుమంటే బతికినట్టు, చప్పగా కరకరలాడితే పెయింటు లోపల తుప్పే. ఆ గొట్టాల్లోకి ఇనుప చువ్వ దోపకండి, గొట్టం చిరుగుద్ది. గడ్డి కోసే మిషన్లో వాడే ప్లాస్టిక్ తీగ మెత్తగా దూరుద్ది. మా దానిలోంచి ఒక గుప్పెడు కుళ్ళిన ఆకులొచ్చాయి, పైనుంచి చెంబుడు నీళ్ళు పోస్తే కింద రోడ్డు మీద ధార పడింది, అప్పుడు నిమ్మళించింది నాకు.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, అందుకే కంపెనీ నుంచి సీల్డ్ బ్యాటరీతో, గ్యాసు బయటకి పోయే సన్న గొట్టాలతో వచ్చేది. ముందున్న ఓనరు డబ్బులు కలిసొస్తాయని మామూలు యాసిడ్ బ్యాటరీ పెట్టాడు, డిక్కీ అడుగంతా తెల్ల పొడి, కింద రేకు పొలుసులు లేచిపోతోంది. వంటసోడా నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగింది, కడిగి గీకి రెడ్ఆక్సైడ్ కొట్టాం. రేడియేటర్ పై ట్యాంకు ప్లాస్టిక్‌ది, నల్లగా ఉండాల్సింది చింతపండు రంగుకి తిరిగిందంటే ఎప్పుడైనా పగులుద్ది, మేం పగలకముందే మార్చాం. టైమింగ్ బెల్టు 60,000 మైళ్ళకి, వాటర్ పంపు కూడా అప్పుడే. ఈ ఇంజన్లో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు, బండి ఆగిపోద్దంతే, అది అదృష్టం. కానీ మొదట్లో వచ్చిన వాటికి, 1990వీ, 1991లో కొన్నీ, క్రాంక్ ముక్కు, అంటే క్రాంక్ షాఫ్ట్ ముందు కొస, పొట్టి, అక్కడ పుల్లీ బోల్టు వదులైతే దాన్ని కదలకుండా పట్టే చిన్న ఇనుప కీ ఆడి ఆడి గాడి తినేస్తుంది, అప్పుడు మాత్రం పెద్ద ఖర్చే. పుల్లీలో నాలుగు గాళ్ళుంటే పొట్టిది, ఎనిమిదుంటే తర్వాత వచ్చినది. కొనేవాళ్ళకి చెప్పాల్సింది ఇదండీ, ఇది చెబితే నిజంగా ఎవరికైనా డబ్బులు మిగులుతాయి. మీ పేజీలో దీనికి చోటు లేదు గానీ ఎర్ర రంగు కార్లకి ఇన్సూరెన్స్ ఎక్కువా అనే దానికి పావు పేజీ ఉంది.

కాబట్టి వచ్చే ఆదివారం చిన్న బాక్సు కట్టి అయినా ఆ లైను సరిచేసి వేయండి, మా అబ్బాయి లాంటివాళ్ళు ఇంటి దగ్గర్నుంచి ఎవరన్నా ఆ పేజీ ఫొటో తీసి పంపితే చదువుతారు, చదివి అదే కాగితం పట్టుకుని షాపుకి పోతారు. ఓ-రింగు సంగతి, స్లేవ్ సిలిండర్ సంగతి, ఈ రెండూ వేస్తే చాలు, మిగతాది మీకు చోటుంటే.

కారు ఇప్పుడు రోజూ తిరుగుతోంది. కుడి తలుపు అద్దం మాత్రం ఇంకా ముసలాయన మెట్లెక్కినట్టు లేస్తోంది, దాని తీగా బుష్షులూ మళ్ళీ వెళ్ళినప్పుడు చూస్తాను, అప్పటిదాకా ముట్టుకోవద్దని వాడికి చెప్పాను.

ఇట్లు
ఆర్టీసీ రిటైర్డ్ మెకానిక్,
తెనాలి.