కీమోకు ముందే తెలుగులో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న నాకు గత నెల రొమ్ము క్యాన్సర్ తొలి దశలోనే బయటపడింది. వచ్చే సోమవారం మొదటి కీమోథెరపీ. ఖర్చు గురించి, ఎన్టీఆర్ వైద్యసేవ కాగితాల గురించి అడగకపోయినా చెప్పేవారున్నారు గానీ, ఇంటి దగ్గర ఎలా సిద్ధపడాలో వివరించేవారు కరవయ్యారు. మేం వెళ్లిన ఆసుపత్రిలో చేతికిచ్చిన కరపత్రం మొత్తం ఇంగ్లిషులోనే ఉంది.

కీమో ఎక్కించాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయని, అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చేరితే, పారాసెటమాల్ వేసుకుని తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని చివరికి ఒక నర్సమ్మ చెబితే తెలిసింది. మా ఇంట్లో థర్మామీటరే లేదు. ఆ సాయంత్రమే కొన్నాం. పుచ్చిన పన్ను ఉంటే ముందే చూపించుకోవాలన్నదీ ఆమె మాటే. జుట్టు రాలుతుందన్న సంగతి మాత్రం వీధిలో ప్రతివారూ చెప్పారు!

జ్వరం హద్దు, రాత్రివేళ ఫోన్ చేయాల్సిన నంబరు పెద్ద అక్షరాల తెలుగులో ఒక్క కాగితంపై అచ్చువేయించి, మొదటి డోసుకు ముందే రోగికీ, తోడుండేవారికీ అందేలా జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అన్ని ఆసుపత్రులనూ ఆదేశించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, గుంటూరు