అండమాన్ ఆర్డర్లు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

అందరికీ నమస్కారం. మే నెలాఖరులో పోర్ట్‌బ్లెయిర్‌కి వేసిన మా కొట్టు పచ్చళ్లు, మిఠాయిల పార్సిళ్ల సంగతి దాచకుండా చెప్పేస్తాను. (2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది గానీ, నా నోటికి ఇంకా పాత పేరే వస్తోంది.) మొత్తం 38 పెట్టెలు 9 రోజులు చెన్నైలో, విమానాల కార్గో గోడౌన్‌లోనే ఉండిపోయాయి. అడిగినవాళ్లందరికీ "రేపు వచ్చేస్తుందండీ" అన్నాను. ఒకావిడకైతే మూడు రోజులు వరసగా అదే చెప్పాను. వస్తుందో రాదో నాకే తెలియదు, ఫోన్ పెట్టేయడానికి అన్న మాట అది. తప్పు నాదే.

"నైరుతి అండమాన్‌ను తాకింది" అని వార్త రాగానే విశాఖలో అందరూ హమ్మయ్య అనుకుంటారు. మా కొట్లో అప్పుడే టెన్షన్ మొదలవుతుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నది ఒకటే రన్‌వే, అదీ నేవీది. (మన ఎయిర్‌పోర్టూ నేవీదే అనుకోండి.) రన్‌వేకి ఒక పక్క నేల ఎత్తుగా ఉండడంతో విమానాలు ఒక వైపు నుంచే దిగుతాయి, మళ్లీ అటే లేస్తాయి. గాలి వెనకనుంచి గట్టిగా తోస్తే దిగడం కుదరదు. పక్క ఊళ్లో దిగుదామంటే చుట్టూ సముద్రం, వెయ్యి కిలోమీటర్లకు పైగా వెనక్కి ఎగిరి చెన్నైకో కోల్‌కతాకో రావాలి. దానికి సరిపడా ఇంధనం బయల్దేరేటప్పుడే నింపుకోవాలి. బరువు ఎక్కువైతే మనుషుల్ని దించరు కదా, మన ఆవకాయ పెట్టెల్నే దించుతారు. 2023లో కొత్త టెర్మినల్ వచ్చాక ఇక బెంగ లేదనుకున్నాను. టెర్మినల్ మారితే గాలి మారుతుందా?

ఆవకాయకి 9 రోజులు లెక్కే కాదు. కానీ వెనక్కి వచ్చిన ఒక పెట్టె విప్పితే సీసా మూత వదులై ఉంది. నూనె కారి అట్ట అడుగంతా ఎర్రగా నానిపోయింది. పక్కనున్న సున్నుండ ఒకటి నోట్లో వేసుకుంటే ఆవఘాటు ముక్కుకెక్కింది. మూతకి రెండు చుట్లు వేయాల్సిన టేపు హడావుడిలో ఒక్క చుట్టే వేసింది నేనే. మిఠాయిలు పాడైన 11 మందికీ డబ్బు తిరిగి పంపాను. ఇంకెవరికైనా రావాలంటే ఆర్డర్ నంబరు వాట్సాప్ చేయండి చాలు, ఫొటోలు అక్కర్లేదు.

ఇకనుంచి వానాకాలంలో పచ్చళ్లు ఓడలోనే పంపుతాను. విశాఖ నుంచి ఓడ నెలకి ఒకసారి, అదీ అటూఇటూగా ఉంటుంది. బయల్దేరాక మూడో రోజుకి చేరుతుంది. ఉత్తర అండమాన్‌లో ఉన్న డిగ్లీపూర్ వాళ్లకి బస్సు ప్రయాణం ఇంకో రోజు కలుపుకోండి. సున్నుండలు, మాడుగుల హల్వా మాత్రం అక్కడ ఈశాన్య వానలు కూడా అయ్యాక, సంక్రాంతికే మళ్లీ మొదలుపెడతాను. ఈలోపు అమ్మకం తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఈ నెల ఓడకి ఆర్డర్లు శుక్రవారం సాయంత్రం దాకా తీసుకుంటాను. పెట్టెలు ఓడ ఎక్కాక మెసేజ్ పెడతాను. అప్పటిదాకా ఎప్పుడొస్తుందని అడిగితే "తెలియదండీ" అనే అంటాను, కోప్పడకండి.