వార్షిక నివేదిక: ‘నెగటివ్’ వచ్చిన కుటుంబాల కోసం ఈ ఏడాది చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒకటే. “జెనెటిక్ టెస్టులో ఏమీ లేదన్నారు. కానీ నాన్నకు వచ్చిందే తమ్ముడికీ మొదలైంది. మరి ఏమీ లేదంటే ఎట్లా?” వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బులున్న మన ఇళ్లలో ఈ మాట పడని ఇల్లు తక్కువ. అందుకే కార్యవర్గం ఈ ఏడాది పనంతా ఈ ప్రశ్న చుట్టూ పెట్టుకుంది.

జవాబులో చాలా భాగం మనుషుల మూలాల్లోనే ఉంది. జబ్బు పేరు ఒకటే అయినా దాన్ని తెచ్చే జన్యు మార్పు అన్ని జనాభాల్లో ఒకటే కాదు. ఎవరి కుటుంబాల్లో ఎక్కువగా వెతికారో వాళ్లలో కనిపించే మార్పులే ముందు టెస్టుల్లోకి వచ్చాయి. కాబట్టి రిపోర్టులో ‘నెగటివ్’ అని ఉంటే, వెతికినవాటిలో దొరకలేదని మాత్రమే అర్థం. ఇది సభ్యులందరికీ తెలియాలన్నదే మా పట్టుదల.

నెలవారీ ఆన్‌లైన్ సమావేశాల్లో ఎక్కువ చర్చ జరిగింది ఎస్‌ఎంఏ, అంటే కండరాలు బలహీనపడిపోయే స్పైనల్ మస్క్యులర్ ఎట్రఫీ మీద. తమకు జబ్బు లేకపోయినా పిల్లలకు ఆ జన్యు లోపాన్ని అందించగలవాళ్లను క్యారియర్లు అంటారు. క్యారియర్ టెస్టు ఎస్‌ఎంఎన్1 అనే జన్యువు కాపీలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. మామూలుగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. రెండుంటే క్యారియర్ కాదంటారు, ఒకటే ఉంటే క్యారియర్ అంటారు. అయితే కొందరిలో ఆ రెండు కాపీలూ ఒకే క్రోమోజోము మీద ఉంటాయి, రెండో క్రోమోజోము మీద ఏమీ ఉండదు. ఒక సభ్యురాలు తెల్ల కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి, ఒకదాని మీద రెండు చుక్కలు పెట్టి, రెండోది ఖాళీగా వదిలేసి కెమెరాకు చూపించారు. లెక్కపెడితే చుక్కలు రెండే. కానీ బిడ్డకు ఆ ఖాళీ గీత వెళ్లే అవకాశం సగానికి సగం. అప్పటిదాకా చాట్‌లో ప్రశ్నలు పెడుతున్నవాళ్లంతా ఆ కాగితం చూశాక మైకులు ఆన్ చేసి మాట్లాడడం మొదలుపెట్టారు.

ఈ అమరిక ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో ఎక్కువ. అందుకే అదే టెస్టు యూరప్ మూలాలున్న క్యారియర్లలో 100కి సుమారు 95 మందిని పట్టుకుంటే, ఆఫ్రికన్ అమెరికన్ క్యారియర్లలో సుమారు 71 మందినే పట్టుకోగలిగింది. టెస్టు చేసినవాళ్ల తప్పేమీ లేదు, యంత్రమూ బాగానే ఉంది. అయినా ఒకరికి ఇచ్చినంత భరోసా మరొకరికి ఇవ్వలేదు. ఈ జబ్బుకు 2016 నుంచి మందులున్నాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు చేసే మందులవి. ఆ సంగతి తెలిసినవాళ్లం కాబట్టి ఈ తేడా మాకు చిన్నదిగా అనిపించలేదు.

‘రిపోర్టు చదువుదాం’ కార్యక్రమం ఈ ఏడాదే మొదలైంది. పేరు, వివరాలు కొట్టేసి సభ్యులు పంపిన రిపోర్టులను ఒక జెనెటిక్ కౌన్సెలర్ సాయంతో వరస వరసా చదివాం. నడక తూలిపోయే ఎటాక్సియా జబ్బున్న ఒక కుటుంబం పంపిన కాగితాల్లో మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ‘నెగటివ్’ అని ఉంది. చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, ఈ పద్ధతిలో రిపీట్ ఎక్స్‌పాన్షన్లు బయటపడకపోవచ్చు అని ఉంది. ఆ ఇంట్లో ఎవరూ ఆ పేజీ దాకా వెళ్లలేదు. వంశపారంపర్య ఎటాక్సియాల్లో చాలావాటిలో, ఒళ్లు అదుపు లేకుండా కదిలే హంటింగ్టన్ జబ్బులో జరిగేది సరిగ్గా ఆ ఎక్స్‌పాన్షనే. డీఎన్‌ఏలో ఒక చిన్న ముక్క ఉండాల్సిన దానికంటే ఎక్కువసార్లు రిపీట్ అవుతుంది. హంటింగ్టన్‌లో సీఏజీ అనే మూడక్షరాల ముక్క 40 సార్లు, అంతకు పైన ఉంటే జబ్బు వస్తుంది. దాన్ని చూడడానికి విడిగా టెస్టు అడగాలి.

విడిగా అడిగేటప్పుడు కూడా ఏది అడగాలన్నది మూలాలను బట్టి మారుతుంది. హంటింగ్టన్ యూరప్ మూలాలున్నవాళ్లలో ఎక్కువ, తూర్పు ఆసియాలో చాలా తక్కువ. అచ్చం అలాగే కనిపించే హెచ్‌డీఎల్2 అనే జబ్బును 2001లో గుర్తించారు. దాని జన్యువు వేరు, అది దాదాపుగా ఆఫ్రికా మూలాలున్నవాళ్లలోనే కనిపిస్తుంది. అలాంటి కుటుంబంలో హంటింగ్టన్ టెస్టు నెగటివ్ వచ్చిందని అక్కడితో ఆపేస్తే అసలు జబ్బు చేజారినట్టే. ఫ్రీడ్రైక్ ఎటాక్సియా యూరప్, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా, భారత ఉపఖండాల్లో ఉంది, తూర్పు ఆసియాలో దాదాపు లేదు. ఎస్‌సీఏ12 అనే మరో ఎటాక్సియా సంగతి ఇంకా ఆశ్చర్యం. 1999లో దాన్ని మొదట గుర్తించింది జర్మన్ మూలాలున్న ఒక అమెరికన్ కుటుంబంలో. తర్వాత చూస్తే అది ఎక్కువగా ఉన్నది ఉత్తర భారతంలోని అగర్వాల్ కుటుంబాల్లో. తరచూ చేతి వణుకుతో మొదలవుతుంది కాబట్టి పార్కిన్సన్స్ అనో, మామూలు వణుకు అనో ఏళ్లపాటు అనుకునే ప్రమాదం ఉంది.

‘వీయూఎస్’ అని వచ్చిన రిపోర్టులూ చాలానే ఉన్నాయి. మార్పు దొరికింది కానీ అది జబ్బు తెచ్చేదో కాదో తేలలేదని దాని అర్థం. అదే మూలాలున్న ఆరోగ్యవంతుల డీఎన్‌ఏ సమాచారం తగినంత లేనప్పుడు ఇలా తేలకుండా పోయేవి ఎక్కువ. పోల్చి చూసే సమాచారం పెరిగే కొద్దీ కొన్నిటికి అర్థం తెలుస్తుంది. అందుకని ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి మరిచిపోకండి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ చూడమని డాక్టరును అడగండి.

పార్కిన్సన్స్ సమావేశం సంగతి కొంచెం సంతోషంగా రాయగలుగుతున్నాను. ఎల్‌ఆర్‌ఆర్‌కే2 జన్యువులో పార్కిన్సన్స్ ముప్పు పెంచే ఒక మార్పు అష్కనజీ యూదుల్లో (మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులు), ఉత్తర ఆఫ్రికా బెర్బర్లలో చాలా ఎక్కువని ముందే తెలుసు. 2023లో ఆఫ్రికా మూలాలున్నవాళ్ల మీద నైజీరియా పరిశోధకులు కూడా కలిసి చేసిన అధ్యయనంలో, జీబీఏ1 జన్యువులో అంతకుముందు ఎవరూ చూడని మార్పు దొరికింది. ఒక కాపీ ఉంటే పార్కిన్సన్స్ ముప్పు సుమారు ఒకటిన్నర రెట్లు, రెండుంటే సుమారు మూడున్నర రెట్లు. యూరప్ మూలాలున్నవాళ్లలో అది దాదాపు లేదు, కాబట్టి వాళ్ల డీఎన్‌ఏలో ఎంత వెతికినా దొరికేది కాదు. 2018 నాటికి ఇలాంటి పెద్ద జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో సుమారు 78 శాతం యూరప్ మూలాలవాళ్లే, ఆఫ్రికా మూలాలవాళ్లు 2 శాతం. మిగతా ప్రపంచానికి ఇలాంటివి ఇంకెన్ని మిగిలి ఉన్నాయో అనిపించక మానదు.

వంశవృక్షం శిబిరం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, జబ్బున్నవాళ్లకు లోపల నలుపు, దగ్గరి బంధువుల మధ్య పెళ్లి అయితే జంట గీత. ఇవి నేర్పడం తేలికే. చిక్కు వచ్చింది ‘పూర్వీకుల ఊరు, సమాజం’ అనే గడి దగ్గర. “ఇది రాస్తే రేపు ఫలానా వాళ్ల జబ్బు అని ముద్ర వేస్తారు, పిల్లల సంబంధాలు చెడతాయి” అని కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ భయాన్ని మేం తీసిపారేయలేదు. ఎస్‌సీఏ3 అనే ఎటాక్సియా విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 1970లలో అమెరికాలో స్థిరపడ్డ, పోర్చుగల్‌కు చెందిన ఎసోర్స్ దీవుల కుటుంబాల్లో గుర్తించారు కాబట్టి దాన్ని ఎసోర్స్ జబ్బు అనేశారు. లోకంలో ఎక్కడ కనిపించినా పోర్చుగీసు నావికులే తెచ్చారనుకున్నారు. తర్వాత జన్యు పరిశోధనలో, ఎక్కువ దేశాల్లో కనిపించే రకం వేల ఏళ్ల కిందట ఆసియాలో పుట్టి ఉండాలని తేలింది. ఒక చిన్న జనాభాలో ఒక మార్పు ఎక్కువైందంటే, ఎప్పుడో కొద్దిమందితో మొదలైన ఆ సమాజంలో ఆ కొద్దిమందిలో ఒకరికి అది ఉందనే చాలాసార్లు అర్థం. ఇందులో ఎవరి తప్పూ లేదు.

మరోవైపు, చెప్పుకోవడం వల్ల మేలు జరిగిన ఉదాహరణా ఉంది. పసిపిల్లల ప్రాణాలు తీసే టే-శాక్స్ జబ్బుకు అష్కనజీ యూదుల్లో 1970ల మొదట్లోనే క్యారియర్ పరీక్షలు మొదలుపెట్టారు. సమాజమే ముందుకొచ్చి నడిపించింది. ఉత్తర అమెరికాలో వాళ్లలో ఆ జబ్బుతో పుట్టే పిల్లలు 90 శాతానికి పైగా తగ్గారు.

రెండు వైపులా విన్నాక కార్యవర్గం ఇలా నిర్ణయించింది. ఆ గడి ఉంటుంది, నింపడం మీ ఇష్టం, నింపితే దాన్ని జెనెటిక్ కౌన్సెలర్ తప్ప సంఘంలో ఇంకెవరూ చూడరు. ఇప్పటికీ ఒప్పుకోనివాళ్లున్నారు, వచ్చే సమావేశంలో మళ్లీ మాట్లాడదాం.

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా పంపాం. సభ్యత్వ రుసుములో మార్పు లేదు.

వచ్చే ఏడాది రిపోర్టు చదివే కార్యక్రమం కొనసాగుతుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి ఒక పేజీ ప్రశ్నల కాగితం తయారవుతోంది. అందులో ముఖ్యమైనవి ఇవి: ఈ టెస్టు ఏ జన్యువులను చూసింది, రిపీట్లను చూసిందా, మా మూలాలున్నవాళ్లలో ఇది ఎంత నమ్మదగింది, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి. చిత్తుప్రతి ఈ నివేదికతో జత చేశాం. అర్థం కాని మాట ఉంటే దాని కింద గీత గీసి తిరిగి పంపండి, సులువైన మాట పెడతాం. వంశవృక్షం పట్టిక ఇంకా పంపనివాళ్లు సర్వసభ్య సమావేశం లోపు పంపాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను ఇప్పుడే అడిగి రాసుకోండి, వాళ్లకు తెలిసిన పేర్లు ఏ టెస్టులోనూ దొరకవు.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి