నిధులిస్తే సరిపోదు, బడీ నడపాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. చదువుకు ప్రభుత్వం డబ్బిస్తే చాలు, బడులు ప్రైవేటు వాళ్లు నడుపుకుంటారన్న వాదన మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. 1955లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ చెప్పిన మాటే ఇది: తల్లిదండ్రులకు వోచర్ (బడి ఫీజు కింద చెల్లే ప్రభుత్వ చీటీ) ఇవ్వండి, నచ్చిన బడి వాళ్లే ఎంచుకుంటారు. వినడానికి బాగుంది కానీ నేను ఒప్పుకోలేను.

చిలీ 1981లో ఈ దారి పట్టింది. ప్రైవేటు బడులు బాగా పెరిగాయి. అయితే చాలా బడులు పిల్లల్ని వడపోసి చేర్చుకున్నాయి, పైగా ఫీజు కూడా అడిగాయి. అంటే ఎంచుకునే హక్కు తల్లిదండ్రులది కాదు, బడిది అయింది. పేద పిల్లలు ఒకచోట, ఉన్నవాళ్ల పిల్లలు మరోచోట చేరారు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే బడుల్లో ఈ వడపోతను, లాభాలను, అదనపు ఫీజులను ఆపడానికి చివరికి 2015లో చట్టం చేయాల్సి వచ్చింది. ఈలోపు ఒక తరం పిల్లలు బడి దాటిపోయారు!

ప్రభుత్వ బడి ఎవరినీ కాదనకూడదు. వినికిడి లోపమున్న పాప, పదిమంది పిల్లలే ఉన్న మారుమూల ఊరు, చదువు మానేసి తిరిగొచ్చిన కుర్రాడు... వీళ్లతో లాభం రాదు. వీళ్ల కోసం బడి తెరిచి ఉంచేది ఎవరు?

టీచర్లు రాని, పాఠాలు సాగని ప్రభుత్వ బడులు ఉన్నాయి, నిజమే. వాటిని బాగుచేయమని అడుగుదాం. ఫిన్లాండ్ 1970లలో అందరికీ ఒకే రకం బడి తెచ్చింది, టీచర్ల చదువును మాస్టర్స్ డిగ్రీ స్థాయికి పెంచింది. అక్కడ చాలావరకు బడులు నడిపేది స్థానిక ప్రభుత్వాలే.

ఇట్లు,
ఒక పాఠకురాలు